వగరుకు మార్కులెన్ని?

ప్రశ్న: మాది కడప. పదకొండేళ్లుగా బెంగళూరు జె.పి. నగర్‌లో ఉంటున్నాం. రెండేళ్ల క్రితం ఇంటి దగ్గరి సూపర్ మార్కెట్‌లో వైన్ అర చూసి సరదాకు ఒక సీసా తెచ్చాను. అప్పటి నుంచి నెలకు ఒకటో రెండో కొని, రుచి చూసి, నోటుబుక్కులో నూటికి మార్కులు వేసుకుంటున్నాను. ఏ సీసా ధరా వెయ్యి రూపాయలు దాటదు. ఇప్పటికి నలభై ఒకటి అయ్యాయి. రుచి గురించి రాసేటప్పుడు బ్లాక్‌కరెంట్, సెడార్, లెదర్ అని రాస్తుంటాను. నిజం చెప్పాలంటే వాటిలో సగం నేను ఎన్నడూ వాసన చూసినవి కావు. మొన్న పాత పేజీలు తిరగేస్తుంటే ఒకే కంపెనీ, ఒకే సంవత్సరపు షిరాజ్ అనే ఎర్ర వైన్‌కు జనవరిలో 88, ఏప్రిల్‌లో 74 వేసినట్టు కనబడింది. విదేశాల్లో ఉండి వచ్చిన మిత్రుడికి చూపిస్తే ‘ఈ సరుకుకు మార్కులు కూడానా’ అని నవ్వాడు. నా నాలుక ఇందుకు పనికిరాదా? ఏదైనా కోర్సులో చేరాలా? మరో సందేహం: మా ఆవిడకు తీపి పోర్ట్ తప్ప ఏదీ నచ్చదు. దానికి నా పుస్తకంలో చోటు ఇవ్వవచ్చా?
పేరు వద్దన్న పాఠకుడు, బెంగళూరు

సమాధానం: ముందు మీ 88, 74 సంగతి తేల్చుకుందాం. మిగిలినవి దాని వెనకే వస్తాయి.

కాలిఫోర్నియా రాష్ట్ర ప్రదర్శనలో ఏటా వైన్ పోటీ జరుగుతుంది. తీర్పు చెప్పేవాళ్లు ఏళ్ల తరబడి ఈ పనిలోనే ఉన్నవాళ్లు. రాబర్ట్ హాడ్జ్‌సన్ అనే విశ్రాంత ప్రొఫెసర్‌కు సొంతంగా చిన్న వైనరీ ఉండేది, లెక్కల మీద పట్టూ ఉండేది. పోటీల ఫలితాల మీద అనుమానం వచ్చి, నిర్వాహకులను ఒప్పించి ఒక పరీక్ష పెట్టారు. ఒకే సీసాలోంచి మూడు గ్లాసులు పోసి, వాటిని వేరే వైన్ల మధ్య అక్కడొకటి ఇక్కడొకటి కలిపి అందించారు. తీర్పరులకు ఆ సంగతి తెలియదు. 2008లో ఫలితాలు అచ్చయ్యాయి. ఇప్పుడు 90 వేసిన మనిషి, కాసేపటికి అదే వైన్‌కు 86 వేయడమో 94 వేయడమో మామూలేనని తేలింది. నిలకడగా మార్కులు వేసినవాళ్లు పదిమందిలో ఒక్కరే. ఆ ఒక్కరు కూడా మరుసటి ఏడాది అందరిలాంటివారే అయ్యారు.

మీ తేడా పద్నాలుగు. అందులో నాలుగు మనిషి నాలుకకు వదిలేద్దాం. మిగిలిన పదిలో చాలావరకు ఏప్రిల్ ఖాతాలో రాయండి.

ఎర్ర వైన్‌ను గది వేడిమిలోనే తాగాలనే మాట మీరూ వినే ఉంటారు. ఆ గది చలిదేశపు రాతి ఇంట్లోది. అక్కడ పదహారు, పద్దెనిమిది డిగ్రీలు ఉంటుంది. జనవరి రాత్రి బెంగళూరులో మీ వంటింటి గట్టు దాదాపు అంతే చల్లగా ఉంటుంది కనుక మీ షిరాజ్ మర్యాదగా ప్రవర్తించింది. ఏప్రిల్ సాయంత్రం ఆ గట్టు మీద ముప్పై ఉంటుంది. ఆ వేడికి ఆల్కహాల్ ముందు లేచి ముక్కులో గుచ్చుకుంటుంది, పండు వాసన వెనకబడుతుంది, పులుపు మొద్దుబారి వైన్ మొత్తం జావలా అనిపిస్తుంది. తాగే ముందు అరగంట ఫ్రిజ్‌లో పెట్టండి. తెల్ల వైన్‌కు దీనికి సరిగ్గా తిరగేసిన తప్పు చేస్తాం. ఫ్రిజ్‌లోంచి నాలుగు డిగ్రీల మీద తీసి వెంటనే పోస్తాం, అప్పుడది నిమ్మనీళ్లకు ఎక్కువా కాదు తక్కువా కాదు. పావుగంట బయట ఉంచితే వాసన విచ్చుకుంటుంది.

ఏప్రిల్ సీసాది మరో కథ కూడా కావచ్చు. అది మీ ఇంటికి రాకముందే ఉడికిపోయి ఉండవచ్చు. ఒకసారి నేను ఒక దుకాణంలో పై అరలో, ట్యూబ్‌లైటుకు జానెడు దూరంలో నిలబెట్టిన సీసా తెచ్చాను. రేకు కవరు మీద వేలితో తడిమితే కార్కు ఒక గింజ మందం పైకి ఉబికి ఉంది. చూసీ పట్టించుకోలేదు. మూత తీసి పోస్తే ద్రాక్ష జాడే లేదు. అచ్చం రేగివడియం వాసన. రేగివడియం నాకు ప్రాణమే కానీ, దానికి ఏడువందలు పోయనక్కర్లేదు కదా. అప్పటి నుంచి పై అర జోలికి వెళ్లను. లైటుకు దూరంగా ఉన్న కింది అర సీసా, అందులోనూ మర మూత ఉన్నది దొరికితే అదే తీసుకుంటాను. మర మూత అంటే చవక సరుకని చాలామంది అనుకుంటారు. నిజానికి కార్కుకు పట్టే ఒక రోగం దానికి అంతగా అంటదు. తడిసి ఆరిన గోనెసంచి వాసన వస్తే అది ఆ రోగమే. ద్రాక్ష పాపం ఏమీ లేదు, అలాంటి సీసాకు మార్కులు వేయకండి, ‘చెడింది’ అని రాసి వదిలేయండి. తెల్ల వైన్‌లో సంవత్సరం చూడండి. మీరు కొనే ధరలోవి దాచుకోవడానికి చేసినవి కావు, రెండేళ్లు దాటితే నాకు అనుమానమే.

ఇక మీ ఉత్తరంలో నన్ను ఎక్కువసేపు పట్టి ఉంచిన వాక్యం దగ్గరికి వస్తాను. సగం వాసనలు చూడనివే రాస్తున్నానన్నారే, అది. మన ఊళ్లలో ‘వైన్స్’ అని బోర్డు పెట్టిన దుకాణంలో వైన్ తప్ప అన్నీ దొరుకుతాయి. మీ నోటుబుక్కూ అలాగే తయారైంది, మీ ముక్కుకు తెలిసినది తప్ప అన్నీ ఉన్నాయి అందులో.

కడప మనిషి సెడార్ ఎందుకు రాయాలి? ఇంగ్లిష్‌లో చాలామంది ప్రయాసపడి వివరించే రుచి ఒకటుంది. ఎర్ర వైన్ తాగాక చిగుళ్లు పట్టేసినట్టు, నాలుక గరుకెక్కినట్టు ఉంటుందే, అది. ద్రాక్ష తొక్కలోంచి, గింజల్లోంచి వచ్చే టానిన్లు అనే పదార్థాల పని. అక్కడివాళ్లు దానికి పాలు కలపని చిక్కటి టీ అని, వెల్వెట్ గుడ్డ అని పోలికలు వెతుకుతారు. మనకు అది షడ్రుచుల్లో ఒకటి. ఉగాది పచ్చడిలో మామిడి పిందె ముక్క కొరికిన ప్రతి పిల్లవాడికీ వగరు తెలుసు. వగరులో రకాలూ తెలుసు. జామ పిందె వగరు మొరటుది, అరటి పువ్వుది జిగటది, వక్కది పొడిగా పట్టుకుంటుంది, నేరేడు పండుది తీపి వెనక నుంచి వస్తుంది. మీ నలభై ఒక్క సీసాల్లో ఎర్రవన్నీ ఈ నాలుగింటి కింద సర్దేయవచ్చు. అలా సర్దిన రోజున మీ పుస్తకం మీకు పనికొస్తుంది. ఎందుకంటే ‘వక్క వగరు’ అని చదివితే మీ నోరు దాన్ని గుర్తుపడుతుంది, ‘మీడియం ప్లస్ టానిన్’ అని చదివితే గుర్తుపట్టదు.

అరువు మాటలతో మరో ఇబ్బంది ఉంది. సోవిన్యాన్ బ్లాంక్ అనే తెల్ల వైన్ లేబుల్ వెనక గూస్‌బెర్రీ అని ఉంటుంది. మనవాళ్లు అది ఉసిరికాయ అనుకుని గ్లాసులో ఉసిరి కోసం వెతుకుతారు. ఆ గూస్‌బెర్రీ ఐరోపాలో ముళ్లపొదకు కాసే వేరే పండు, ఉసిరికి చుట్టం కూడా కాదు. అదే వైన్‌లో మన ముక్కుకు ఇట్టే తగిలే వాసన పచ్చి కాప్సికం. ఇది పోలిక కూడా కాదు, రెండింటిలో ఉన్నది ఒకే జాతి పదార్థం, దాని పేరు పైరజీన్. అలాగే షిరాజ్‌లో మిరియాల ఘాటు తగిలితే అది మిరియాల్లోనూ ఉండే రోటండోన్ అనే పదార్థమే. ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు 2008లో ఈ సంగతి తేల్చారు. తమాషా ఏమిటంటే, వాళ్లు పరీక్షించిన వాళ్లలో ఐదింట ఒకరికి ఆ వాసన ఎంత ఘాటుగా ఉన్నా తగలనే లేదు. మీ మిత్రుడు మిరియం ఉందని, మీరు లేదని వాదించుకుంటే ఇద్దరూ నిజమే చెబుతుండవచ్చు. ఓక్ పీపాలో ఉంచిన వైన్‌లో లవంగం వాసన వస్తే రాయండి, లవంగంలోని పదార్థమే కాల్చిన ఓక్ చెక్కలోనూ ఉంటుంది. అమెరికన్ ఓక్ అయితే ఎండుకొబ్బరి. నాసిక్ షెనాన్ బ్లాంక్ అనే తెల్ల వైన్ చాలాసార్లు ముగ్గిన జామపండే, దాని చుట్టూ తిరగనక్కర్లేదు.

లెదర్ మాత్రం ఉంచుకోండి. చెప్పుల దుకాణంలోకి వెళ్లని మనిషి ఎవరున్నారు?

మార్కుల పద్ధతికి వద్దాం. నూటికి మార్కులు వేయడాన్ని 1970ల చివర్లో రాబర్ట్ పార్కర్ అనే అమెరికన్ విమర్శకుడు ప్రచారంలోకి తెచ్చారు. అది పేరుకే నూరు, లెక్క యాభై దగ్గర మొదలవుతుంది, ఎనభై దాటనిదాన్ని ఎవరూ పట్టించుకోరు. అంతకు ముందే కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్‌లో మేనార్డ్ అమెరిన్, ఆయన సహచరులు ఇరవై మార్కుల పట్టీ తయారు చేశారు. మీరు ఇరవైకే మారండి. హాడ్జ్‌సన్ లెక్క చూశాక 87కూ 88కీ తేడా చెప్పగలనని ఏ ముక్కూ బల్ల గుద్దకూడదు. నేను వాసనకు ఏడు, రుచికి ఏడు, మింగాక ఎంతసేపు నిలుస్తుందనేదానికి మూడు వేస్తాను. చివరి మూడూ ‘నా డబ్బు పెట్టి మళ్లీ కొంటానా’ అనే ప్రశ్నకు. రంగుకు సున్నా. చాలామంది దీనికి ఒప్పుకోరు కానీ, రంగు నన్ను మోసం చేసినన్ని సార్లు మరేదీ చేయలేదు.

నన్నే కాదు. 2001లో అచ్చయిన ఒక ప్రయోగంలో, బోర్డో విశ్వవిద్యాలయంలో వైన్ తయారీ చదువుతున్న యాభై నాలుగు మందికి తెల్ల వైన్‌లో వాసన లేని ఎర్ర రంగు కలిపి ఇస్తే, దాన్ని ఎర్ర వైన్‌కు వాడే మాటలతో వర్ణించారు. ధర చీటీ చేసే మోసం ఇంకా ఘోరం. కాలిఫోర్నియాలో చేసి 2008లో అచ్చేసిన మరో ప్రయోగంలో ఒకే వైన్‌ను ఒకసారి చవకదని, ఒకసారి ఖరీదైనదని చెప్పి ఇస్తే, ఖరీదైనదన్నప్పుడు మెదడులో సంతోషానికి సంబంధించిన భాగం నిజంగానే ఎక్కువ చురుకైంది. తాగినవాళ్లు గొప్పల కోసం చెప్పలేదు, వాళ్లకు అలాగే రుచించింది. అందుకే సీసా కనబడకుండా రుచి చూడాలి.

నా అనుభవం చెబుతాను, నవ్వుకోండి. ఒక ఆదివారం మా మరదలు ఐదు సీసాలకు పాత దినపత్రిక చుట్టి, రబ్బరు బ్యాండు వేసి, స్కెచ్ పెన్నుతో అంకెలు రాసింది. నేను వరుసగా వాసన చూసి, నోట్లో పోసుకుని పుక్కిలించి, ఉమ్మి, రాసుకుంటూ పోయాను. రెండో దానికి పదిహేను వేసి ‘నేరేడు, మిరియం, శుభ్రంగా ఉంది’ అన్నాను. నాలుగో దానికి పదకొండు వేసి ‘సిరా, చేదు, తొందరపడి చేసినట్టుంది’ అన్నాను. కాగితాలు విప్పితే రెండూ ఒకటే వైన్. ఎవరికీ చెప్పకుండా జత కొని పెట్టింది. మూడో సీసా మహా వగరుది, దాని తర్వాత ఏది తాగినా అలాగే ఉంటుందని నేను ఎంత మొత్తుకున్నా వినకుండా ఆ కాగితాన్ని ఫ్రిజ్ తలుపుకు అంటించింది. నాలుగు నెలలు అక్కడే ఉంది.

ఆ కాగితమే నాకు నేర్పింది, నా మార్కుల్లో నాలుగు దాకా పొల్లు ఉంటుందని. మీరు కూడా ప్రతిసారీ ఒక జత దొంగచాటుగా పెట్టించుకోండి. ఆ జతకు మీరు వేసే మార్కుల తేడాయే మీ తూకం రాయిలోని తరుగు. తేడా రెండైతే, పుస్తకంలో 14కూ 15కూ మధ్య ఏ తగవూ పెట్టుకోకండి. వరుస మార్చి రెండోసారి చూస్తే ఇంకా మంచిది.

మీ ఇంట్లో ఇద్దరే కనుక ఏర్పాటు చిన్నదిగానే ఉంచండి. తులిప్ పువ్వులా కిందికి వెడల్పుగా, పైకి ముడుచుకున్న గాజు గ్లాసులు ఆరు చాలు. స్టీలు గ్లాసు మజ్జిగకు మంచిది కానీ దీనికి వద్దు. గ్లాసుకు యాభై మిల్లీలీటర్లు పోస్తే ఒక్క సీసా పదిహేను గ్లాసులొస్తుంది. అపార్ట్‌మెంట్‌లో మరో ఇద్దరు ముగ్గురిని కలుపుకుంటే తలా ఒక సీసా తెచ్చుకోవచ్చు, ఖర్చు పెరగకుండా ఒకే పూట నాలుగైదు రకాలు చూడవచ్చు. ఒక్కటే తాగి వేసిన మార్కుకు విలువ తక్కువ, పక్కన మరొకటి ఉంటేనే తేడా తెలుస్తుంది. శనివారం సాయంత్రం వద్దు. అప్పటికి ఇంట్లో పోపు వాసన, అగరుబత్తి, దోమల చక్రం, జడలో మల్లెలు అన్నీ పోటీకి దిగుతాయి. ఆదివారం పదకొండు గంటలప్పుడు, ఫిల్టర్ కాఫీ తాగి రెండు గంటలు గడిచాక చూడండి. వృత్తిగా చేసేవాళ్లు కూడా పొద్దున పూటే చూస్తారు. పక్కన ఖాళీ గిన్నె పెట్టుకుని ఉమ్మండి. రుచి చూడటం వేరు, తాగడం వేరు. ఆల్కహాల్‌లో ఆరోగ్యానికి సురక్షితమైన మోతాదంటూ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టంగానే చెప్పింది, ఉమ్మడానికి అదొక్కటీ చాలు. మార్కులు వేసేసిన తర్వాతే భోజనం. ఆవకాయ తిన్న నోటికి ఎర్ర వైన్ మంట మీద మంటే. మిగిలిన షెనాన్ కాస్త తీపిదైతే పెసరట్టుతో పర్వాలేదు, నేను తరచూ చేసే పనే అది.

చవక సీసాలని చిన్నచూపు వద్దు. మీరున్న ఊరు ఈ పనికి మహా అనువైనది. చెన్నైలో ఉంటే ప్రభుత్వ దుకాణంలో ఏది ఉంటే అదే. ఇక్కడ గంటన్నర దూరంలో నంది కొండల కింద, దొడ్డబళ్లాపుర దగ్గర గ్రోవర్ కుటుంబం 1980ల చివర్లోనే ఫ్రెంచ్ రకాలు నాటింది. మైసూరు దారిలో చన్నపట్న దగ్గర బొమ్మల దుకాణాలతో పాటు వైనరీలూ ఉన్నాయి. హంపి ప్రాంతపు కొండల్లో క్రస్మా తోట ఉంది, దాన్ని పెంచింది మన హైదరాబాద్ దంపతులే, చిగురుపాటి కృష్ణప్రసాద్, ఉమ. ఆ పేరులో ఇద్దరూ ఉన్నారు. ధర మీ వెయ్యి గీత దాటుతుంది కానీ, పది సీసాలకు ఒకసారి గీత దాటండి, అదీ కాగితం చుట్టి మిగతావాటి మధ్యే పెట్టండి. మన దగ్గర ద్రాక్ష కోతలు వేసవికి ముందే జరుగుతాయి. ఐరోపాలో అవి సెప్టెంబరు దగ్గర పడతాయి. అంటే ఒకే సంవత్సరం అంకె ఉన్న రెండు సీసాల్లో మనది ఆరేడు నెలలు పెద్దది. తెల్ల వైన్ పోల్చేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోండి.

మీ ఆవిడ పోర్ట్ గురించి. అసలు పోర్ట్ పోర్చుగల్‌లోని డౌరో లోయది. పులియడం సగంలో ఉండగా ద్రాక్ష స్పిరిట్ పోసి ఆపేస్తారు కనుక తీపి మిగులుతుంది, ఆల్కహాల్ ఇరవై శాతం దగ్గరికి చేరుతుంది. మన అరల్లో ఆ పేరుతో ఉండే చవక సీసా వేరే సరుకు, చాలావాటిలో బెంగళూరు బ్లూ ద్రాక్ష ఉంటుంది. దేవనహళ్లి, చిక్కబళ్లాపుర చుట్టుపక్కల పండే ఈ నల్ల ద్రాక్షకు భౌగోళిక గుర్తింపు ఉంది. దాని మూలం అమెరికా జాతిలో ఉంది, ఆ జాతి వాసనను ఇంగ్లిష్ వైన్ పుస్తకాలు నక్కతో పోల్చి తీసిపారేస్తాయి. నక్కను వాసన చూసినవాళ్లెవరో నాకు తెలియదు. మనకైతే అది చిన్నప్పుడు తోపుడు బండి మీద కొన్న నల్ల ద్రాక్ష వాసన, తొక్క చీల్చగానే గుప్పుమనేది. ఆమె నాలుక ఆ ద్రాక్షను గుర్తుపట్టి ఇష్టపడుతోంది, అందులో తప్పేముంది? పుస్తకంలో చోటివ్వండి, కానీ షిరాజ్ పక్కన నిలబెట్టి మార్కులు వేయకండి. నాలుగు రకాల పోర్ట్ తెచ్చి వాటిలో వాటికే పోటీ పెట్టండి. తీర్పు ఆమెదే, మీరు కాగితం చుట్టి ఇవ్వండి. తర్వాత ఒకసారి కాస్త తీపి ఉన్న షెనాన్ చల్లగా పోసి చూపండి. నచ్చకపోతే పోయింది.

కోర్సు ఇప్పుడే వద్దు. వైన్ చదువు చెప్పే సంస్థ, లండన్‌లో పుట్టిన డబ్ల్యూఎస్‌ఈటీ వాళ్ల కోర్సులు మంచివే, కానీ ముందు మీ మాటలు మీకు ఉండాలి. లేకపోతే నోటుబుక్కులో సెడార్ మరింత పెరుగుతుంది.

మీ మిత్రుడిని మాత్రం భోజనానికి పిలవండి. 1976లో పారిస్‌లో స్టీవెన్ స్పరియర్ అనే బ్రిటిష్ వైన్ వ్యాపారి వైన్ల పేర్లు చెప్పకుండా పోసి చూపిస్తే, తొమ్మిది మంది ఫ్రెంచ్ తీర్పరులు తమ దేశపు గొప్ప వైన్లను కాదని ఎర్రలోనూ తెల్లలోనూ కాలిఫోర్నియాకే మొదటి స్థానం ఇచ్చారు. మీ మిత్రుడికి అంత పరీక్ష అక్కర్లేదు. ఆయన తెచ్చిన విదేశీ సీసా ఒకటి, మీ అరలోది అదే ద్రాక్షది ఒకటి తీసుకోండి. మూడు గ్లాసుల్లో రెండింట ఒకటి, మూడో దాంట్లో రెండోది పోసి, వేరేది ఏదో చెప్పమనండి. కళ్లు మూసుకుని చెప్పినా మూడింట ఒకసారి తగులుతుంది కనుక ఆరుసార్లు అడగండి. ఐదుసార్లు సరిగ్గా చెబితే ఆయన ముక్కుకు దండం పెట్టి, మీ పుస్తకం ఆయన చేతికిచ్చి సలహా అడగండి. మూడుసార్లే చెబితే పెసరట్టు వడ్డించండి. గ్లాసుల అడుగున అంకెలు రాయడం మీ ఆవిడకు అప్పగించండి, మీరు రాస్తే మీ ముఖం చూసి చెప్పేస్తాడు.